మగ్గం గదిలో వెలుగు

పాఠ్యభాగ ఉద్దేశం

కొద్దిపాటి ధనంతో ఒక పరికరాన్ని కొనవలసి వచ్చినప్పుడు ముందుగా అవసరమేమిటో నిర్ణయించుకోవాలి. ఆ పరికరం పనిచేసే తీరును తెలుసుకోవాలి. ధర సంగతి ఆ తరువాతిది. వెలుతురు తక్కువగా ఉండే గదులలో ఛాయాచిత్రాలు తీయడానికి కావలసిన పరికరాల ఎంపికను ఉదాహరణగా తీసుకొని, శాస్త్రీయమైన ఆలోచన వ్యర్థమైన ఖర్చును ఎట్లా నివారించగలదో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వేటపాలెం సముద్రతీరానికి చేరువలో, చీరాల సమీపాన, చెన్నై–విజయవాడ రైలుమార్గం మీద ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ వరకు ప్రకాశం జిల్లాలో ఉండి, ఆ తరువాత కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. చేనేత వస్త్రాలకు, జీడిపప్పుకు ఈ ఊరు పేరుగాంచింది. 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఈ ఊరికి మరొక అలంకారం. దాని భవనానికి మహాత్మాగాంధీ 1929లో శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడ భద్రపరచబడి ఉన్నది. పాత తెలుగు పత్రికల సంపుటాలు ఆ గ్రంథాలయానికి గొప్ప సంపద.

మగ్గం మీది వస్త్రం, గ్రంథాలయంలోని పాత పత్రిక – ఈ రెండింటికీ ఒక పోలిక ఉన్నది. రెండూ తీవ్రమైన ఎండకు దూరంగా, నీడపట్టున ఉండవలసినవే. గుంట మగ్గంలో నేతగాడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. పడుగు నేలకు దగ్గరగా సాగి ఉంటుంది. నేలలోని చెమ్మ తగలడంవల్ల నూలు మెత్తగా ఉండి త్వరగా తెగదు. వేడిగాలి ఎక్కువైతే దారాలు పెళుసెక్కి తెగిపోతాయి. అందువల్ల మగ్గం ఉన్న గదులు చాలావరకు నీడగానే ఉంటాయి. నేతకు మేలు చేసే ఈ నీడయే ఛాయాచిత్రకారునికి చిక్కు తెచ్చిపెడుతుంది.

చిత్రంతో నేతగానికి పనేమిటని అడగవచ్చు. నేసిన చీరను దూరప్రాంతాల కొనుగోలుదారులకు చిత్రరూపంలో చూపి అమ్మే అవకాశం నేడు ఏర్పడింది. అయితే చిత్రంలో వంకాయరంగుగా కనిపించిన చీర ఇంటికి చేరిన తరువాత నీలంగా ఉంటే కొన్నవారు దానిని తిప్పి పంపుతారు. రానుపోను ఖర్చులు నేసినవారి కూలిలోనే తరిగిపోతాయి. పవర్‌లూం వస్త్రాన్ని చేనేత పేరుతో అమ్మేవారు కూడా ఉన్న కాలంలో, మగ్గం మీద ఉండగా తీసిన చీర చిత్రం ఒక సాక్ష్యపత్రం వంటిది. కాబట్టి చిత్రం స్పష్టంగా, రంగు యథాతథంగా ఉండడం నేతగానికి వేడుక కాదు, జీవనోపాధికి సంబంధించిన విషయం.

అటువంటి చేనేత కుటుంబంలోని ఒక యువకుని వద్ద పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, దానితోపాటు వచ్చిన 18–55 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నాయనుకొందాం. అతడు కూడబెట్టిన సొమ్ము 15,000 రూపాయలు. ఆరుబయట అతడు తీసే చిత్రాలు చక్కగా వస్తున్నాయి. మగ్గం గదిలో తీసినవి మాత్రం చెడిపోతున్నాయి. నేతగాని చేతులు చెదిరినట్లు కనిపిస్తున్నాయి. నీడ ఉన్నచోట ఇసుక చల్లినట్లు చుక్కలు వస్తున్నాయి. అతనికి మొదట తోచే ఆలోచన, కెమెరా పాతబడింది, కొత్తది కొనాలి అని. ఈ ఆలోచన ఎంతవరకు సరియైనదో పరిశీలించడం అవసరం.

వెలుతురు లెక్క

వెలుతురును కొలిచే ప్రమాణాన్ని లక్స్ అంటారు. నడి మధ్యాహ్నపు ఎండ దాదాపు 1,00,000 లక్సులు ఉంటుంది. మబ్బు పట్టిన పగటివేళ సుమారు 10,000 లక్సులు, కార్యాలయాల గదులలో 300 నుండి 500 లక్సులు ఉంటాయి. ఒక్క ట్యూబ్‌లైటు మాత్రమే వెలిగే ఇంటిగదిలో 100 లక్సుల ప్రాంతంలో ఉంటుంది. అనగా ఎండలో ఉన్న వీధి నుండి మగ్గం గదిలోకి అడుగుపెట్టిన మనిషి, వెలుతురులో వెయ్యోవంతు ఉన్న చోటికి వచ్చినట్లే. కాని మన కన్ను కొద్ది నిమిషాలలో సర్దుకొంటుంది. అందువల్ల ఆ తేడా ఎంత పెద్దదో మనకు తెలియదు. కెమెరా మాత్రం ఉన్నదానిని ఉన్నట్లే లెక్కిస్తుంది.

కెమెరాలోకి చేరే వెలుతురును రెండు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది లెన్స్ లోపలి ద్వారం. దీనిని ఎపర్చరు అంటారు. రెండవది ఆ వెలుతురును లోపలికి రానిచ్చే కాలం. దీనిని షట్టర్ వేగం అంటారు. కొళాయిని ఎక్కువగా తిప్పితే బిందె త్వరగా నిండుతుంది, తక్కువగా తిప్పితే ఎక్కువసేపు పట్టాలి. ద్వారానికి, కాలానికి ఉన్న సంబంధం కూడా అటువంటిదే.

ఐఎస్‌ఓ అనే మూడవ అంశం ఒకటి ఉన్నది. చాలామంది దీనిని వెలుతురును పెంచే సాధనంగా భావిస్తారు. అది వాస్తవం కాదు. ఐఎస్‌ఓ సభలోని మైకు వంటిది. మైకు శబ్దాన్ని పెంచుతుందే కాని వక్తకు కొత్త మాటలను ఇవ్వదు. గొంతుతోపాటు సభలోని గుసగుసలను కూడా పెద్దవిగా వినిపిస్తుంది. ఐఎస్‌ఓను పెంచినప్పుడు కూడా లోపలికి వచ్చిన కొద్ది వెలుతురు, దానిలోని లోపాలతో సహా ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

ఆ లోపాలకు మూలం వెలుతురు కొరతయే. సన్నని తుంపర పడుతున్నప్పుడు పెరట్లో పక్కపక్కన రెండు గిన్నెలు ఉంచితే, ఒకదానిలో పది చినుకులు, మరొకదానిలో పద్నాలుగు పడవచ్చు. జోరువాన కురిస్తే రెండూ ఇంచుమించు సమానంగా నిండుతాయి. కెమెరాలోని సెన్సర్ మీద ఉండే లక్షలాది సూక్ష్మ బిందువులు ఆ గిన్నెల వంటివి. వెలుతురు తక్కువైతే పక్కపక్క బిందువుల మధ్య తేడా ఎక్కువై, చుక్కల రూపంలో కనిపిస్తుంది. సెన్సర్‌కు చేరే వెలుతురు నాలుగు రెట్లయితే ఈ చుక్కల తీవ్రత సగానికి తగ్గుతుంది.

ఇప్పుడు యువకుని సమస్యను అంకెలలో చూడవచ్చు. 100 లక్సుల గదిలో ఐఎస్‌ఓ 1600గా ఉంచి, లెన్స్ ద్వారాన్ని ఎఫ్ 5.6 వద్ద తెరిచితే, సరియైన చిత్రానికి 1/20 సెకను కాలం కావాలి. అంతసేపట్లో నేసేవారి చేతులు కదులుతాయి. పట్టుకొన్నవారి చేయి కూడా వణుకుతుంది. చిత్రం చెదరడానికి కారణం ఇదే. కెమెరా పాతబడినందువల్ల ఇది జరగలేదు.

ఏది కదులుతున్నది?

పరికరం కొనడానికి ముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది. దీనికి వచ్చే సమాధానాన్ని బట్టి ఖర్చుచేసే మార్గం మారుతుంది.

మడతపెట్టిన చీర కదలదు. పత్రిక పుట కదలదు. అటువంటి వస్తువులకు వెలుతురు తక్కువ కావడం సమస్యే కాదు, ఎక్కువ కాలం ఇస్తే సరిపోతుంది. ఛాయాచిత్రకళ 1839లో లోకానికి వెల్లడైన తొలి రోజులలో ఒక్కొక్క చిత్రానికి నిమిషాల కొద్దీ సమయం పట్టేది. హైదరాబాదు ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ వంటివారు బరువైన కెమెరాలను స్టాండ్ల మీద నిలిపి గాజుపలకల మీద చిత్రాలు తీశారు. కదలని కెమెరా, కదలని వస్తువు, తగినంత కాలం – ఈ మూడూ కలిస్తే మసక వెలుతురులోనూ స్పష్టమైన చిత్రం వస్తుంది. నేడు ఆ స్టాండు స్థానంలో ఉన్నది ట్రైపాడ్.

పాత పత్రికల విషయంలో ఈ పద్ధతి మరింత ముఖ్యమైనది. కాలం గడిచినకొద్దీ పాత కాగితం పసుపుబారి పెళుసెక్కుతుంది. తీవ్రమైన వెలుతురు ఆ క్షీణతను వేగవంతం చేస్తుంది. సున్నితమైన కాగితపు వస్తువులను ప్రదర్శించేటప్పుడు వెలుతురు 50 లక్సులకు మించకుండా చూడడం ప్రదర్శనశాలలలో పాటించే నియమం. ఆ 50 లక్సులలోనే ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8 వద్ద పుటను చిత్రించడానికి సుమారు 3 సెకన్లు చాలు. కెమెరాను పుటకు సమాంతరంగా నిలిపి, రెండు పక్కల నుండి 45 డిగ్రీల కోణంలో సమానమైన వెలుతురు పడేటట్లు చూస్తే నీడలు, మెరుపులు ఉండవు. మీటను వేలితో నొక్కినప్పుడు కలిగే కదలికను నివారించడానికి 2 సెకన్ల సెల్ఫ్ టైమర్ ఉపయోగపడుతుంది. ఇంతటి పనికి ఖరీదైన కెమెరా అవసరం లేదు. స్థిరమైన ట్రైపాడ్ ఉంటే చాలు.

ట్రైపాడ్ ఎంపికలో ఎత్తుకంటే స్థిరత్వం ముఖ్యం. కాళ్లను చివరివరకు సాగదీస్తే ఊగిసలాట పెరుగుతుంది. మధ్య కొక్కేనికి బరువైన సంచిని వేలాడదీస్తే నిలకడ వస్తుంది. మగ్గం గదిలో మరొక జాగ్రత్త అవసరం. పేకను బిగించడానికి అచ్చు దెబ్బ పడిన ప్రతిసారి నేల అదురుతుంది. కాబట్టి ట్రైపాడ్‌ను మగ్గానికి దూరంగా నిలపాలి, లేదా పని ఆగిన సమయంలో చిత్రం తీయాలి.

నేటి సెల్‌ఫోన్లలోని రాత్రి చిత్రణ విధానం కూడా కదలని వస్తువులకు అనుకూలమైనదే. ఫోను వరుసగా అనేక చిత్రాలను తీసి వాటిని ఒకటిగా కలుపుతుంది. మడతపెట్టిన చీరకు ఈ విధానం సరిపోవచ్చు. నడుస్తున్న మగ్గం వద్ద మాత్రం చేతులు అలుక్కుపోయినట్లు కనిపించే ప్రమాదం ఉన్నది.

కొనకుండానే లభించే వెలుతురు

ధనం వెచ్చించడానికి ముందు గదిలోని వెలుతురునే పెంచుకొనే మార్గాలను ప్రయత్నించాలి. వాకిలికి, కిటికీకి దగ్గరగా చీరను పరిస్తే గది మధ్యలోకంటే ఎన్నో రెట్ల వెలుతురు లభిస్తుంది. 100 లక్సులు 400 లక్సులైతే పై లెక్కలోని 1/20 సెకను 1/80 సెకను అవుతుంది. కిటికీకి ఎదురుగా తెల్లని దుప్పటిని గాని, థర్మోకోల్ పలకను గాని నిలిపితే నీడ ఉన్న వైపునకు కూడా వెలుతురు మళ్లుతుంది. పెంకుటింటి కప్పులో ఒకటి రెండు పెంకులు తీసి గాజుపెంకులు అమర్చడం తెలుగునాట పాత అలవాటే. అదికూడా ఒక మంచి ఉపాయం.

గదిలో అదనంగా అమర్చిన ఎల్‌ఈడీ బల్బు కూడా చౌకైన సాధనమే. అయితే బల్బులన్నీ రంగులను ఒకే విధంగా చూపవు. రంగులను యథాతథంగా చూపే శక్తిని సీఆర్‌ఐ అనే సంఖ్యతో సూచిస్తారు. ఎండకు ఈ సంఖ్య 100గా లెక్కిస్తారు. చీరల చిత్రాలకు 90కి మించిన సీఆర్‌ఐ ఉన్న బల్బును ఎంచుకోవడం మంచిది. కిటికీ వెలుతురులో నీలిఛాయ, పసుపు బల్బులో ఎర్రఛాయ ఉంటాయి. రెండూ కలిసి ఒకే చీర మీద పడితే ఏ రంగూ నిజం కాదు. కాబట్టి చిత్రం తీసేటప్పుడు ఒకే రకమైన వెలుతురును ఉంచి, మిగిలిన దీపాలను ఆర్పివేయాలి. చీర పక్కన బూడిదరంగు కార్డును ఉంచి ఒక చిత్రం తీసుకొంటే, దాని ఆధారంగా మిగిలిన చిత్రాల రంగులను సరిదిద్దుకోవచ్చు.

మరొక విషయం గమనించాలి. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. దానివల్ల కొన్ని దీపాల కాంతి సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. కంటికి కనిపించని ఆ మార్పు, షట్టర్ వేగం ఎక్కువైనప్పుడు చిత్రంలో చారలుగా కనిపించవచ్చు. అటువంటి దీపాల కింద 1/100 లేదా 1/50 సెకను వేగాన్ని ఎంచుకోవడం మేలు.

ఛాయాచిత్రం కోసం పెంచిన వెలుతురు చిత్రంతోనే ముగిసిపోదు. మగ్గం మీద అమర్చిన మంచి దీపం, తెగిన సన్నని దారాన్ని వెదికి ముడివేసే కళ్లకు ప్రతిదినం ఉపకరిస్తుంది. ఏ లెన్స్ కొన్నా ఇంతటి ఉభయతారకమైన ప్రయోజనం చేకూరదు.

లెన్స్, ఫ్లాష్, కెమెరా

నడుస్తున్న మగ్గాన్ని, పనిచేస్తున్న మనిషిని చిత్రించవలసి వచ్చినప్పుడు ట్రైపాడ్ ఒక్కటే సరిపోదు. కెమెరా కదలకపోయినా చేతులు కదులుతాయి. చేతివణుకును సరిచేసే స్థిరీకరణ వ్యవస్థ కూడా ఎదుటివారి కదలికను ఆపలేదు. ఇక్కడ కావలసినది పెద్ద ద్వారం గల లెన్స్.

లెన్స్ మీద కనిపించే ఎఫ్ సంఖ్య, నాభ్యంతరాన్ని ద్వారపు వ్యాసంతో భాగించగా వచ్చినది. అందువల్ల సంఖ్య చిన్నదైనకొద్దీ ద్వారం పెద్దదిగా ఉంటుంది. 50 మిల్లీమీటర్ల వద్ద ఎఫ్ 5.6 అంటే ద్వారం వ్యాసం సుమారు 9 మిల్లీమీటర్లు. అదే ఎఫ్ 1.8 అయితే దాదాపు 28 మిల్లీమీటర్లు. ద్వారం వైశాల్యాన్ని లెక్కిస్తే రెండవది మొదటిదానికంటే 9 రెట్లకు మించిన వెలుతురును రానిస్తుంది. అప్పుడు 1/20 సెకను సుమారు 1/200 సెకను అవుతుంది. దీపపు చారల భయం ఉంటే 1/100 సెకను వద్ద తీసి, ఐఎస్‌ఓను 1600 నుండి 800కు తగ్గించుకోవచ్చు.

వెలుతురు కొరతను లెన్స్‌తో జయించిన ప్రసిద్ధమైన ఉదాహరణ చలనచిత్రరంగంలో ఉన్నది. స్టాన్లీ క్యూబ్రిక్ తన బారీ లిండన్ చిత్రంలోని కొన్ని దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులోనే చిత్రీకరించాడు. 1975లో విడుదలైన ఆ చిత్రానికి వాడిన లెన్స్ ద్వారం ఎఫ్ 0.7. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జైస్ సంస్థ తయారుచేసిన లెన్సులవి. సామాన్యునికి అటువంటివి అందుబాటులో ఉండవు. కాని ఎఫ్ 1.8 ద్వారం గల 50 మిల్లీమీటర్ల లెన్స్, కెమెరా సంస్థలు అమ్మే లెన్సులలో మిక్కిలి చౌకైన వాటిలో ఒకటి.

లెన్స్ కొనేముందు గదిని కొలవడం మరువరాదు. చౌకైన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలలో సెన్సర్ వెడల్పు 23 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అటువంటి కెమెరాతో రెండు మీటర్ల దూరం నుండి చూస్తే, 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో 90 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే పడుతుంది. 35 మిల్లీమీటర్ల లెన్స్‌లో దాదాపు 130 సెంటీమీటర్లు, 24 మిల్లీమీటర్ల లెన్స్‌లో 190 సెంటీమీటర్ల వరకు పడుతుంది. చీర పన్నా సుమారు 120 సెంటీమీటర్లు ఉంటుంది. గోడకు వీపు ఆనించినా మగ్గం నుండి రెండు మీటర్లు మించి దూరం దొరకని గదిలో 50 మిల్లీమీటర్ల లెన్స్ చేతులకు, ముఖానికి మాత్రమే పనికివస్తుంది. మగ్గమంతా పట్టాలంటే 35 గాని, 24 గాని కావాలి. పాత లెన్స్‌నే ఆ అంకెల వద్ద ఉంచి కొన్ని చిత్రాలు తీసి చూస్తే ఏది అవసరమో ఖర్చులేకుండానే తెలుస్తుంది.

పెద్ద ద్వారానికి ఒక మూల్యం ఉన్నది. స్పష్టత కనిపించే లోతు తగ్గిపోతుంది. రెండు మీటర్ల దూరంలో 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 1.8 వద్ద వాడితే ఆ లోతు సుమారు 11 సెంటీమీటర్లు మాత్రమే. నేతగాని ముఖం స్పష్టంగా ఉంటే చేతులు మసకబారవచ్చు. అందువల్ల ఏది ముఖ్యమో ముందే నిశ్చయించుకోవాలి. సమయాన్ని కనిపెట్టడం కూడా ఒక నేర్పు. పేకను తాకిన అచ్చు వెనుకకు మరలే సమయంలో చేయి ఒక క్షణం నిలుస్తుంది. ఆ క్షణంలో తీసిన చిత్రంలో చేతులు స్థిరంగా ఉంటాయి. నాడె కొంత చెదిరినా దోషం లేదు, అది పని వేగాన్ని సూచిస్తుంది.

ఫ్లాష్ తన వెలుతురును తానే తెచ్చుకొనే సాధనం. దాని మెరుపు సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ కాలం ఉండవచ్చు కాబట్టి నాడెను కూడా నిలిపి చూపగలదు. కాని ఎదురుగా పడిన ఫ్లాష్ వస్త్రంలోని నేత గుణాన్ని చదును చేస్తుంది. జరీ మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. దూరం రెట్టింపైతే దాని వెలుతురు నాలుగోవంతుకు పడిపోతుంది. అందుచేత అనుభవజ్ఞులు ఫ్లాష్‌ను తెల్లని పైకప్పు వైపు తిప్పి, అక్కడ నుండి పరావర్తనం చెందిన మెత్తని వెలుతురును వాడుకొంటారు. సున్నం వేసిన కాంక్రీటు కప్పు ఉన్న ఇంటిలో, పెళ్లిపందిరిలో కాక కల్యాణమండపంలో ఇది సాధ్యం. పెంకులు, దూలాలు ఉన్న కప్పు ఆ వెలుతురును మింగివేస్తుంది. అటువంటి చోట పక్కనున్న తెల్లని గోడనో, పరచిన తెల్లని పంచెనో ఆశ్రయించాలి. ఫ్లాష్ వాడే ముందు పనిలో ఉన్నవారి అనుమతి తీసుకోవడం మర్యాద. పాత పత్రికల మీద దానిని వాడకపోవడం ఉత్తమం.

ఇక యువకునికి మొదట తోచిన కొత్త కెమెరా సంగతి చూద్దాం. పెద్ద సెన్సర్ గల కెమెరాను ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అంటారు. దాని సెన్సర్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. చౌకైన కెమెరాలలోని సెన్సర్ కంటే ఇది రెండున్నర రెట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే వెలుతురు సేకరణలో లాభం కూడా ఇంచుమించు అంతే. లెన్స్ మార్పుతో లభించిన లాభం 9 రెట్లకు పైమాట. కెమెరా ధర లెన్స్ ధర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా పెద్ద సెన్సర్‌కు సరిపడే లెన్సులను మళ్లీ కొనవలసి వస్తుంది. తక్కువ లాభానికి ఎక్కువ ధర చెల్లించడం వివేకం కాదు. పాత కెమెరా షట్టర్ అరిగిపోయినప్పుడు, మసక వెలుతురులో ఫోకస్ బొత్తిగా కుదరనప్పుడు మాత్రమే కెమెరా మార్పును గూర్చి ఆలోచించాలి.

కొనుగోలులో జాగ్రత్తలు

కెమెరా సంస్థలు మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లిన తరువాత, డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు సెకండ్ హ్యాండులో విరివిగా దొరుకుతున్నాయి. వాటిని కొనేటప్పుడు లెన్స్ గుండా దీపం వైపు చూసి లోపల బూజు ఉన్నదేమో పరీక్షించాలి. దారపు పోగుల వలె అల్లుకొన్న తెల్లని గీతలు బూజుకు గుర్తు. ద్వారపు రేకులు చమురు అంటకుండా చురుకుగా కదలాలి. లెన్స్ ఆ కెమెరాకు అమరుతుందో లేదో, దానంతట అది ఫోకస్ చేస్తుందో లేదో తన కెమెరాకు బిగించి చూసుకోవాలి. ఉదాహరణకు, నికాన్ చిన్న కెమెరాలలో ఫోకస్ మోటారు ఉండదు. మోటారు లేని పాత లెన్స్‌ను వాటికి అమర్చితే చేతితోనే ఫోకస్ చేయవలసి ఉంటుంది. పట్టణాలలో ఒకరోజు అద్దెకు తెచ్చుకొని పరీక్షించిన తరువాత కొనడం ఇంకా మంచిది.

సముద్రతీర ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ. నూలుకు హితమైన చెమ్మ లెన్స్‌కు శత్రువు. పరికరాలను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో ఉంచాలి. తోలుసంచిలో మూసి నెలల తరబడి విడిచిపెట్టరాదు.

ఈ విషయాలన్నింటినీ ఆలోచించిన తరువాత యువకుడు తన 15,000 రూపాయలను ఈ విధంగా విభజించుకోవచ్చు. సెకండ్ హ్యాండులో ఎఫ్ 1.8 లెన్స్‌కు 8,000, దృఢమైన ట్రైపాడ్‌కు 2,500, మంచి బల్బులకు, హోల్డర్లకు, వైరుకు 1,500, థర్మోకోల్ పలకలకు, బూడిదరంగు కార్డుకు, డబ్బాకు, సిలికాజెల్‌కు 1,000 కేటాయిస్తే, ఇంకా 2,000 రూపాయలు చేతిలో మిగులుతాయి. కాలాన్ని, ప్రదేశాన్ని బట్టి ధరలు మారవచ్చు, కాని వరుస మారదు. మొదట వెలుతురు, తరువాత నిలకడ, ఆపై లెన్స్, అటు పిమ్మట అవసరమైతే ఫ్లాష్, చిట్టచివర కెమెరా. చిత్రాలను సరిదిద్దడానికి డార్క్‌టేబుల్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఉచితంగానే లభిస్తున్నాయి. కెమెరాను రా విధానంలో ఉంచి తీస్తే రంగులను, చుక్కలను సరిచేసుకొనే అవకాశం ఎక్కువగా ఉంటుంది.

మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని పెద్దలంటారు. ఇది పిసినారితనాన్ని బోధించే మాట కాదు. మంచం పొడవెంతో కొలిచి చూసుకోమని చెప్పే మాట. గదిలో వెలుతురు ఎంత, ఎదుట కదులుతున్నది ఏది, నిలబడడానికి ఉన్న దూరమెంత అనే మూడు కొలతలు తెలిసినవానిని ప్రకటనలు మోసగించలేవు. అతని చేతిలోని ప్రతి రూపాయి తన పనిని తాను చేస్తుంది. మగ్గం మీది చీర తన నిజమైన రంగుతో దూరదేశానికి చేరుతుంది. దానిని నేసిన చేతులు ఆ చిత్రంలో చెదరకుండా నిలుస్తాయి.

కఠిన పదాలు – అర్థాలు

పడుగు = మగ్గం మీద నిలువుగా సాగదీసిన నూలు
పేక = పడుగుకు అడ్డంగా నేసే నూలు
నాడె = పేకను అటూ ఇటూ తీసుకొనిపోయే మగ్గపు సాధనం
అచ్చు = పడుగు దారాలను క్రమంలో ఉంచి, పేకను బిగించే సాధనం
పన్నా = వస్త్రపు వెడల్పు
నాభ్యంతరం = లెన్స్ నుండి నాభికి గల దూరం
పరావర్తనం = వెలుతురు తాకి వెనుకకు మరలడం
ఉభయతారకం = ఇరువైపులా మేలు కలిగించేది
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వెలుతురు తక్కువగా ఉన్న గదిలో చిత్రం చెడిపోవడానికి గల కారణాలను వివరించండి.
2. పరికరాల కొనుగోలులో 'ఏది కదులుతున్నది?' అనే ప్రశ్నకు గల ప్రాధాన్యాన్ని సోదాహరణంగా వివరించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఐఎస్‌ఓను మైకుతో ఎందుకు పోల్చారు?
2. పాత పత్రికలను చిత్రించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
3. లెన్స్ కొనేముందు గదిని ఎందుకు కొలవాలి?
4. కొత్త కెమెరా కంటే లెన్స్ మార్పు ఏ విధంగా లాభదాయకం?

ఇ. ఏకపద సమాధాన ప్రశ్నలు
1. వెలుతురును కొలిచే ప్రమాణమేది?
2. సారస్వత నికేతనం ఏ సంవత్సరంలో స్థాపించబడింది?
3. దీపం రంగులను యథాతథంగా చూపే శక్తిని తెలిపే సంఖ్య ఏది?

ఈ. భాషాకార్యం
1. 'మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి' అనే సామెతను సొంత వాక్యంలో ప్రయోగించండి.
2. మీ ఊరిలోని ఒక చేతివృత్తికి సంబంధించిన పదాలను పదింటిని సేకరించి, వాటి అర్థాలను రాయండి.